పాత లాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది కదా, అప్పట్నుంచి బెజవాడలో గానీ గుంటూరులో గానీ పాత లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఏ షాపుకెళ్ళినా ఎక్కువగా వినపడే మాట "ఇది లెవెన్ తీస్కోదు సార్, కొత్తది చూస్కోండి" అని. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు సగం నిజం. ఎందుకంటే అప్‌గ్రేడ్ ఆగిపోవడానికి నాలుగు రకాల కారణాలుంటాయి, ఒకటి మైక్రోసాఫ్ట్ పెట్టిన రూల్ దగ్గర ఆగడం, రెండు మెషీన్లో చోటో స్పీడో చాలకపోవడం, మూడు ఏదో పార్టో దాన్ని నడిపే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేరో పాడై సగంలో చతికిలపడటం, నాలుగు ఎక్కడం ఎక్కినా మన పని చేసే సాఫ్ట్‌వేర్ నడవకపోవడం. దేని మందు దానిదే. జనం ఏం చేస్తారంటే మూడో జబ్బుకి ఒకటో మందు వేస్తారు, ర్యామ్ కొనాల్సిన చోట ప్రాసెసర్ లేదని ఏడుస్తారు, డిస్క్ చచ్చిపోతుంటే విండోస్‌ని తిడతారు.

ముందు ఒక సంగతి. సపోర్ట్ ఆగింది అంటే లాప్‌టాప్ ఆగినట్టు కాదు. ఆన్ అవుద్ది, టాలీ తెరుచుకుంటది, క్రోమ్ నడుస్తది. ఆగింది అప్‌డేట్లు, ముఖ్యంగా సెక్యూరిటీవి, అంటే ఇకమీద బయటపడే కన్నాలకి అతుకు వెయ్యరు. దానికి కూడా ఒక వాయిదా దారి ఉంది, ఈఎస్‌యూ అంటారు, 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఫ్రీ, లేదా 1000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి, అది స్టార్ట్‌లో విన్‌వర్ అని కొడితే కనపడిద్ది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకెళ్తే ఎన్‌రోల్ చేసుకోమని లింక్ ఉంటది. ఒక అకౌంట్ మీద 10 మెషీన్ల దాకా కలుపుకోవచ్చు కాబట్టి ఇంట్లో ఉన్నవన్నీ దాంట్లోనే వేసెయ్యొచ్చు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ లిస్టులు మాత్రం 2028 అక్టోబర్ దాకా వస్తూనే ఉంటాయి, అవి వస్తున్నాయి కదా అని ఈఎస్‌యూ మానేస్తే లాభం లేదు, ఆ రెండూ వేర్వేరు పనులు. చెప్పొచ్చేదేంటంటే కంగారు పడి ఈ ఆదివారమే ఏదో ఒకటి తేల్చెయ్యాలని ఏం లేదు, ముందు ఈఎస్‌యూ పెట్టుకుని తర్వాత తీరిగ్గా ఆలోచించండి.

ఇక ఆ రూల్ సంగతి. "ఈ పీసీ విండోస్ 11 రిక్వైర్‌మెంట్స్‌కి సరిపోదు" అని మెసేజ్ వస్తే అది మీ మెషీన్ బలం గురించి చెప్తున్న మాట కాదు. కాజ టోల్‌గేట్ దగ్గర ఇంజన్ ఎలా ఉందని అడగరు, ఫాస్టాగ్ ఉందా లేదా అనే చూస్తారు, పొగలు కక్కే లారీ దర్జాగా వెళ్ళిపోద్ది, ట్యాగ్‌లో బ్యాలెన్స్ లేని కొత్త కారు పక్కన నిలబడిద్ది. ఇదీ అంతే. సెలెరాన్ ఎన్4020 అని ఒక చిన్న ప్రాసెసర్ ఉంది, రెండు కోర్లు, క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆయాసపడిద్ది, దానికి విండోస్ 11 అఫీషియల్‌గా ఓకే. ఐ7-7700హెచ్‌క్యూ అని నాలుగు కోర్ల గేమింగ్ ప్రాసెసర్ ఉంది, దానికి నో. మొదటిది లిస్టులో ఉంది, రెండోది లేదు.

లిస్టు మోటుగా చెప్పాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ దగ్గర్నుంచి. ఇంటెల్ ఐ సిరీస్‌లో జనరేషన్ చూడ్డం తేలిక, గీత తర్వాత వచ్చే మొదటి అంకె చూడాలి, ఐ5-5200యూ అంటే ఐదోది, ఐ3-6006యూ అంటే ఆరోది, ఐ5-8250యూ అంటే ఎనిమిదోది. (పదో జనరేషన్ నుంచి మొదటి రెండంకెలు చూడాలనుకోండి, వాటికెలాగూ ఈ గొడవ లేదు.) కానీ ఇక్కడ రెండు మెలికలున్నాయి, జనానికి కోపం వచ్చేది కూడా ఇక్కడే. ఐ3-7020యూ అనే ప్రాసెసర్ 2018లో వచ్చింది, అంటే 2018 చివర్లో, 2019లో కూడా కొత్త డబ్బా విప్పి కొనుక్కున్న లాప్‌టాప్‌లో ఏడో జనరేషన్ ఉండొచ్చు, అది లిస్టులో లేదు. రైజెన్ 5 2500యూ పేరులో 2000 ఉంది కాబట్టి పనికొస్తదనుకుంటాం, లోపల ఉన్నది మొదటి తరం డిజైన్, అదీ లిస్టులో లేదు. కొన్న సంవత్సరం బట్టి "మనది కొత్తదేగా" అని లెక్కెయ్యడం అందుకే కుదరదు, ప్రాసెసర్ పూర్తి పేరు చూస్కోవాలి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే ఉంటది. అదంతా ఎందుకనుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పీసీ హెల్త్ చెక్ అని చిన్న ఆప్ ఉంది, ఏది పాసయ్యిందో ఏది ఫెయిలయ్యిందో విడివిడిగా చూపించిద్ది.

ఈ రూల్ ఊరికే కొత్త లాప్‌టాప్‌లు అమ్ముకోడానికి పెట్టారా అంటే, అమ్ముకోవడమూ కలిసొస్తది గానీ, కారణం మాత్రం ఉంది. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక కాపలా ఉంటది, డ్రైవర్ల రూపంలో దొంగ కోడ్ కెర్నెల్‌లోకి, అంటే విండోస్ గుండెకాయలోకి దూరకుండా ఒక వర్చువల్ గోడ కడతది. కొత్త ప్రాసెసర్లలో దీనికి హార్డ్‌వేర్ సాయం ఉంటది, పాతవాటిలో అదే పనిని సాఫ్ట్‌వేర్‌తో చెయ్యాలి కాబట్టి మెషీన్ నెమ్మదిస్తది. రెండోది టీపీఎం 2.0, పాస్‌వర్డ్ తాళాలు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ తాళాలు దాచిపెట్టే చిప్ లేదా ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న భాగం. అయితే ఈ కాపలా కాసే హార్డ్‌వేర్ ఏడో జనరేషన్ ఇంటెల్‌లోనే వచ్చేసింది, మరి దాన్నెందుకు బయటపెట్టారంటే నాకు సంతృప్తినిచ్చే జవాబు ఇప్పటిదాకా కనపడలేదు.

ప్రాసెసర్ లిస్టులో ఉన్నా సరే ఫెయిల్ చూపిస్తోందా? అప్పుడైతే సంతోషించండి, ఎందుకంటే అది సాధారణంగా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగ్స్‌లో, ఒక స్విచ్ ఆఫ్‌లో ఉండటమే. 2016 జులై 28 తర్వాత తయారైన కొత్త మోడళ్ళలో టీపీఎం 2.0 ఆన్‌లో ఉండాలని మైక్రోసాఫ్ట్ కంపెనీలకి ముందే చెప్పింది, కాబట్టి ఆ తర్వాత వచ్చిన లాప్‌టాప్‌ల్లో దాదాపుగా ఉంటది. బయోస్‌లో దాన్ని చాలాసార్లు టీపీఎం అనే పేరుతో రాయరు, ఇంటెల్ అయితే పీటీటీ అని, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటది, కొన్నిట్లో ఊరికే సెక్యూరిటీ డివైస్ అని ఉంటది. ఆన్ చేసి సేవ్ చేస్తే చాలు.

విండోస్ 11 అడిగే ఇంకోటి సెక్యూర్ బూట్, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే కాపలా. అది మాత్రం ఇంత సులువు కాదు, అసలు చిక్కు ముడి ఇక్కడుంది. మన దగ్గర షాపుల్లో ఒక అలవాటు చాలా ఏళ్ళ నుంచి ఉంది, విండోస్ వేసేటప్పుడు లెగసీ అనే పాత బూట్ మోడ్‌లో పెట్టి, డిస్క్‌ని సీ, డీ, ఈ, ఒక్కోసారి ఎఫ్ కూడా చేసి ఇస్తారు, సీ విండోస్‌కి, డీ ఫొటోలకి, ఈ సినిమాలకి. కస్టమరే అలా అడుగుతాడు, వాళ్ళ తప్పు కూడా కాదు. కానీ అలా వేసినప్పుడు డిస్క్‌ని ముక్కలుగా పంచే పద్ధతి పాత ఎంబీఆర్ అయ్యుంటది, సెక్యూర్ బూట్‌కేమో కొత్త రకం యూఈఎఫ్ఐ మోడ్, కొత్త పద్ధతి జీపీటీ డిస్క్ కావాలి. యూట్యూబ్ చూసి బయోస్‌లో లెగసీ తీసేసి యూఈఎఫ్ఐ పెడతారు, రీస్టార్ట్ చేస్తారు, "బూట్ డివైస్ దొరకలేదు" అని నల్ల స్క్రీన్, ఇక గుండె ఆగినంత పని. ఏం పోలేదు, మళ్ళీ లెగసీకి మారిస్తే మామూలుగానే లేస్తది.

దాన్ని డేటా పోకుండా మార్చడానికి విండోస్ 10 లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అని ఒక టూల్ ఉంది, కమాండ్ ప్రాంప్ట్‌లో అడ్మిన్‌గా నడపాలి, ముందు వ్యాలిడేట్ అని ఒక పరీక్ష పెట్టి అది పాసైతేనే కన్వర్ట్ చెయ్యాలి, ఆ తర్వాతే బయోస్ మార్చాలి, ఈ వరస తప్పొద్దు. ఇక్కడే ఆ సీ, డీ, ఈ అలవాటు తిరగబడిద్ది. ఈ టూల్ ఒప్పుకునేది మూడు ప్రైమరీ పార్టిషన్ల వరకే, లోపల ఇంకొన్ని డ్రైవులు పెట్టుకునే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉంటే అసలు ముట్టుకోదు, మన డీ, ఈ డ్రైవులేమో ఎక్కువ భాగం ఆ ఎక్స్‌టెండెడ్ లోపలే ఉంటాయి. వ్యాలిడేషన్ ఫెయిల్ అని వస్తే కారణం నూటికి తొంభై పాళ్ళు అదే అనుకోవచ్చు. డీ, ఈల్లో ఉన్నదంతా బయటి డిస్క్‌లోకి తీసి, ఆ పార్టిషన్లు డిలీట్ చేసి, అప్పుడు కన్వర్ట్ చెయ్యాలి. ఓపిక లేకపోతే మొత్తం బ్యాకప్ తీసుకుని ఫ్రెష్‌గా వేసుకోవడం మేలు, నా ఓటు దానికే.

బయోస్‌లో ఏ మార్పు చేసే ముందైనా ఒకటి మాత్రం మర్చిపోకండి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్. చాలా లాప్‌టాప్‌ల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో అది మనకి తెలియకుండానే ఆన్ అయ్యుంటది. టీపీఎం, సెక్యూర్ బూట్ కదిపితే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడిగిద్ది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండొచ్చు, కానీ ఆ అకౌంట్ ఎవరిది? లాప్‌టాప్ కొన్నరోజు షాపు కుర్రాడు తన మెయిల్‌తోనో, ఎవరో కజిన్ మెయిల్‌తోనో సెటప్ చేసి ఉంటే ఆ కీ వాళ్ళ దగ్గర ఉంటది, లేదా ఎవరి దగ్గరా ఉండదు. కీ దొరక్కపోతే డేటా పోయినట్టే, ఏ రిపేర్ షాపూ తీసివ్వలేదు. అందుకని ముందే కీ కాగితం మీద రాసిపెట్టుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్‌లో పెట్టి, అప్పుడు బయోస్ జోలికెళ్ళండి.

ఇక దొడ్డిదారి. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేస్తే టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ చెకింగులు తీసేసే ఆప్షన్ ఉంటది, ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ మీద విండోస్ 11 ఎక్కిద్ది, నడుస్తది కూడా. చెయ్యొచ్చా అంటే ఇంట్లో సినిమాలు చూసే, పిల్లాడు కోడింగ్ నేర్చుకునే లాప్‌టాప్ అయితే చెయ్యొచ్చు. ఆడిటర్ ఆఫీసులోనో షాపు లెక్కలకో వాడేదైతే నేను వద్దంటాను. ఇలా వేసినవాటికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ గ్యారంటీ ఇవ్వదు. నెలనెలా వచ్చేవి ప్రస్తుతానికి వస్తుంటాయి గానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, మనమే మళ్ళీ పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాలి. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ 24 నెలలే, అంటే ఆ పని గుర్తుపెట్టుకుని చేసేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి. మరీ పాత కోర్ టూ డుయో కాలం మెషీన్లకైతే ఈ దారి కూడా మూసుకుపోయింది, 24హెచ్2 వెర్షన్‌ నుంచి ప్రాసెసర్‌లో ఉండాల్సిన కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు వాటిల్లో లేవు, బూట్ కూడా అవ్వదు.

చోటు, స్పీడ్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పన్లేదు. రూల్ ప్రకారం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ చాలు, నిజంగా పని చేసుకోవాలంటే 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్). పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 వేసి స్లోగా ఉందనడంలో అర్థం లేదు, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి కూర్చుంటది. డబ్బు ఒక్కచోటే పెట్టే పరిస్థితి ఉంటే ఎస్ఎస్‌డీ మీద పెట్టండి, విండోస్ మార్చినా మార్చకపోయినా అది పనికొస్తది. డీవీడీ డ్రైవ్ ఉన్న మోడల్ అయితే దాన్ని తీసి ఆ చోట క్యాడీ అనే చిన్న ఫ్రేమ్‌లో పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు, కాకపోతే క్యాడీ 9.5 ఎంఎం, 12.7 ఎంఎం అని రెండు మందాల్లో వస్తది, కొలవకుండా కొంటే దూరదు. ర్యామ్ కొనేటప్పుడు కూడా పాతది ఊడదీసి దాని మీద రాసింది చూసి కొనండి, ఐదో జనరేషన్ లాప్‌టాప్‌ల్లో వాడేది తక్కువ ఓల్టేజీ డీడీఆర్3ఎల్, డబ్బాలో మిగిలిపోయిన మామూలు డీడీఆర్3 ముక్క పెడితే ఆన్ అవ్వదు.

ఇప్పుడు అసలు తలనొప్పి, రూల్ పాసయ్యి, చోటుండి, 60 శాతమో 80 శాతమో వెళ్ళాక "మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం" అని వచ్చి మళ్ళీ విండోస్ 10 లోకే లేచే రకం. జనం మళ్ళీ అదే నొక్కుతారు, మళ్ళీ అంతే. ఇలాంటప్పుడు ఎర్రర్ కోడ్ ఫొటో తీసుకోండి, అది చదవడం అనుకున్నంత కష్టం కాదు. 0ఎక్స్‌80070070 అంటే డిస్క్‌లో చోటు చాల్లేదు, అంతే. 0ఎక్స్‌సీ1900208 అంటే ఏదో ఒక ప్రోగ్రాం కుదరట్లేదు, ఎక్కువగా పాత యాంటీవైరస్. 0ఎక్స్‌సీ1900200 అంటే మళ్ళీ ఆ రూల్ గొడవే. 0ఎక్స్‌సీ1900101 అని వస్తే డ్రైవర్. సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ అప్‌డేట్ చెయ్యలేకపోయాం అని వస్తే, ముందున్న 100 ఎంబీ చిన్న పార్టిషన్ నిండిపోయిందని.

ఆ సీ1900101 పక్కన డ్యాష్ పెట్టి ఇంకో నంబర్ ఉంటది, 0ఎక్స్‌20017 అనో 0ఎక్స్‌4000డీ అనో, చాలామంది దాన్ని వదిలేస్తారు గానీ సగం సమాచారం అందులోనే ఉంది. ఎక్స్ తర్వాత మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెప్పిద్ది. 1 అయితే ఇంకా పాత విండోస్ లోపలే ఉండగా ఆగింది. 2 అయితే మొదటి రీస్టార్ట్ తర్వాత, పాతదీ కాక కొత్తదీ కాక మధ్యలో ఒక చిన్న విండోస్ నడుస్తున్నప్పుడు ఆగింది, ఇక్కడ ఎక్కువగా డిస్క్ కంట్రోలర్, బయోస్ పాతబడటం లాంటివి కారణం. 3 అయితే కొత్త విండోస్ మొదటిసారి లేస్తూ డ్రైవర్లు ఎక్కించేటప్పుడు, అంటే గ్రాఫిక్స్, వైఫై మీద అనుమానం. 4 అయితే దాదాపు చివరికి వచ్చి యూజర్ సెట్టింగ్స్, ఫైళ్ళు కొత్తదాన్లోకి మార్చేటప్పుడు పడిపోయింది. ఇంకా వివరం కావాలంటే సెటప్‌డయాగ్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఫ్రీ టూల్ ఉంది, అది ఆ లాగ్ ఫైళ్ళన్నీ తనే చదివి ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో చెప్పడానికి ప్రయత్నిస్తది.

డ్రైవర్ అని తేలాక చెయ్యాల్సింది, ముందు లాప్‌టాప్‌కి తగిలించినవన్నీ పీకెయ్యండి, ప్రింటర్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ అన్నీ, ఒక్క మౌస్ డాంగిల్ తప్ప ఏదీ ఉంచొద్దు. యాంటీవైరస్ ఆఫ్ చెయ్యడం కాదు, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ కింద బయోస్ కొత్తది ఉంటే అది ముందు వేయండి. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ బటన్ మీద ఆధారపడకుండా విండోస్ సెటప్ మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని, డబుల్ క్లిక్ చేసి అందులో సెటప్ నడపండి, మధ్యలో అప్‌డేట్లు ఇప్పుడే డౌన్‌లోడ్ చెయ్యాలా అని అడిగితే ఇప్పుడొద్దు అనండి, నెట్ కూడా ఆపేయండి. అప్‌గ్రేడ్ మధ్యలో నెట్ నుంచి ఏదో డ్రైవర్ లాగబోయి పడిపోయే కేసులు దీంతో తగ్గుతాయి.

ఇవన్నీ చేసినా ఆగుతుంటే డిస్క్ ఆరోగ్యం చూడాలి, నిజానికి ఇది మొదటే చూడాలి. అప్‌గ్రేడ్ అంటే కొన్ని గంటల పాటు డిస్క్ మీద ఎడాపెడా రాయడం, అప్పటిదాకా మెల్లగా ఈడ్చుకొస్తున్న హార్డ్ డిస్క్ సరిగ్గా ఆరోజే చేతులెత్తేస్తది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఫ్రీ ప్రోగ్రాంలో కాషన్ అని పసుపు రంగు కనపడిందంటే అప్‌గ్రేడ్ మాట పక్కనబెట్టి ముందు ఫొటోలు, లెక్కల ఫైళ్ళు బయటికి తీయండి. బ్యాకప్ కూడా ఇంకో చోట పెట్టండి. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులో ఉన్న సామానంతా మునిగింది, ఒకే బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కనే బ్యాకప్ డిస్క్ అంటే బ్యాకప్ లేనట్టే.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి, నవ్వకండి. మే నెలలో బెజవాడ మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, ఐదారేళ్ళ దుమ్ము పట్టిన ఫ్యాన్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌తో గంటల తరబడి ఫుల్ లోడ్ మీద నడిపితే కొన్ని లాప్‌టాప్‌లు వేడెక్కి టక్కున ఆఫ్ అయిపోతాయి, మనమేమో అప్‌గ్రేడ్ ఫెయిల్ అనుకుంటాం. ఫ్యాన్ క్లీన్ చేయించి, రాత్రి చల్లబడ్డాక మొదలెట్టండి, మంచం మీద పరుపు మీద కాదు, గట్టి బల్ల మీద. పాత లాప్‌టాప్‌ల్లో బ్యాటరీ ఎలాగూ చచ్చి ఉంటది, కరెంట్ తీస్తే ఆ క్షణమే పోద్ది, కాబట్టి ఇన్వర్టర్ లైన్ మీద ప్లగ్ పెట్టుకోవాలి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే మాత్రం మదర్‌బోర్డు మొరాయించే ప్రమాదం ఉంది, అందుకే చాలా మోడళ్ళు బ్యాటరీలో చార్జ్ లేకపోతే బయోస్ అప్‌డేట్ మొదలే పెట్టనివ్వవు.

ఎవరూ పైకి చెప్పని ఇంకో కారణం, షాపులో వేసిన క్రాక్ విండోస్. స్పీడ్‌గా ఉంటదని లోపలి భాగాలు కోసేసిన లైట్ వెర్షన్లు, అప్‌డేట్లు రాకుండా సర్వీసులు చంపేసినవి, వీటి మీద అప్‌గ్రేడ్ పెడితే అది కావాల్సిన ముక్క కోసం వెతుక్కుని దొరక్క ఆగిపోద్ది. ఇక్కడ ఒక శుభవార్త కూడా ఉంది. మీ లాప్‌టాప్ కొన్నప్పుడు విండోస్ 10 హోమ్‌తో వచ్చి ఉంటే దాని లైసెన్స్ కీ మదర్‌బోర్డు చిప్‌లోనే రాసి ఉంటది, తర్వాత ఎవరో పైన ప్రో క్రాక్ వేసినా ఆ కీ ఎక్కడికీ పోలేదు. అదే హోమ్ ఎడిషన్ ఫ్రెష్‌గా వేసి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుద్ది, ఒక్క రూపాయి కట్టక్కర్లా. విండోస్ 7, 8 కీలతో ఫ్రీగా ఎక్కే దారి మాత్రం 2023 సెప్టెంబర్‌లో మూసేశారు. ఇంకోటి, విండోస్ 11లో 32 బిట్ వెర్షన్ లేదు, మీ విండోస్ 10 32 బిట్ అయితే దాని మీద నుంచి అప్‌గ్రేడ్ ఎన్నిసార్లు నొక్కినా జరగదు, ప్రాసెసర్ 64 బిట్ అయినా సరే ఫ్రెష్‌గానే వెయ్యాలి.

అన్నీ కుదిరి ఎక్కిందనుకోండి, అప్పుడు నాలుగోది మొదలవుద్ది, పని సాఫ్ట్‌వేర్. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బ్యానర్లు చేసే డీటీపీ వాళ్ళని తీసుకోండి, వాళ్ళ పునాది అంతా పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత వెర్షనే లేదు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, అక్షరాల కోడింగ్ వాటిదే వేరు, కాబట్టి అందులో చేసిన పాత ఫైల్ చదవాలంటే అదే ఫాంట్, కొత్తగా టైప్ చెయ్యాలంటే అదే కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఉండాలి. పదేళ్ళ డిజైన్లు అందులో ఉన్నోళ్ళు అప్‌గ్రేడ్ బటన్ నొక్కే ముందు ఇంకో మెషీన్ మీద అవి తెరుచుకుంటున్నాయో లేదో చూస్కోవాలి, సాఫ్ట్‌వేర్ అమ్మినాయనకి ఫోన్ చెయ్యాలి. నన్నడిగితే అలాంటోళ్ళు ఆ పాత మెషీన్‌ని విండోస్ 10 మీదే ఉంచి నెట్ పీకేసి టైపింగుకి మాత్రమే వాడుకోవడం, మెయిళ్ళకి వాట్సాప్‌కి వేరేది పెట్టుకోవడం మేలు.

గుంటూరు మిర్చి కమిషన్ కొట్ల లాంటి చోట్ల ఇంకా పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రాంలు, నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల రకం వాడేవాళ్ళుంటే వాళ్ళకి ఇంకో చిక్కు. 16 బిట్ ప్రోగ్రాంలు 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవవు. అందుకే ఒకప్పుడు కావాలనే 32 బిట్ విండోస్ వేసి ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు 11లో ఆ దారే లేదు. డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో పెట్టి నడపొచ్చు, ప్రోగ్రాం తెరుచుకుంటది గానీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి బిల్లు కొట్టించడం దగ్గర కాస్త కుస్తీ పట్టాలి. జీఎస్‌టీ, కంపెనీ ఫైలింగులు చేసే ఆడిటర్లకి సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్, సైనింగ్ సాఫ్ట్‌వేర్ రెండూ మళ్ళీ కొత్తగా వెయ్యాల్సి రావొచ్చు, అందుకని నెలలో 11వ తారీఖు, 20వ తారీఖు రిటర్నుల ముందురోజు రాత్రి అప్‌గ్రేడ్ పెట్టుకోవడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఎక్కాక సౌండ్ రావట్లేదు, వైఫై కనపడట్లేదు, స్క్రీన్ మిణుకుమంటోంది అంటే భయపడక్కర్లేదు, కంపెనీ సైట్‌లో విండోస్ 11 డ్రైవర్ లేకపోతే విండోస్ 10 64 బిట్ డ్రైవరే వేసి చూడండి, చాలావరకు పట్టుకుంటది. ఎంతకీ కుదరకపోతే వెనక్కి వెళ్ళే దారి 10 రోజులు తెరిచి ఉంటది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. ఆ పది రోజుల్లో డిస్క్ క్లీనప్ పెట్టి విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ తీసేశారంటే మాత్రం దారి మూసుకుపోయినట్టే. ఫ్రెష్‌గా వేసినవాళ్ళకి ఈ సౌకర్యం ఉండదు.

మరి లిస్టులో లేని ప్రాసెసర్, దొడ్డిదారి ఇష్టం లేదు, పనేమో బ్రౌజరు, యూట్యూబు, నాలుగు లెటర్లు టైప్ చేసుకోవడం వరకే, అలాంటి లాప్‌టాప్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, 4 జీబీ ర్యామ్ ఉన్నా ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం హాయిగా నడుస్తది, తెలుగు యూనికోడ్ టైపింగ్ కూడా వస్తది. దీనిలో నాకు నచ్చేది ఏంటంటే ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే లేపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ పని చేస్తున్నాయో లేదో చూస్కోవచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకి రీస్టార్ట్ చేస్తే మీ పాత విండోస్ అక్కడే ఉంటది. టాలీ, పేజ్‌మేకర్, అను అవసరమైనవాళ్ళు మాత్రం దీని జోలికి రాకండి, లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలు నడిపే వైన్‌లో నడపొచ్చని ఎవరో చెప్తారు, నడిపేవాళ్ళు వేరు, రోజూ దాని మీద వ్యాపారం చేసుకునేవాళ్ళు వేరు.

షాపులో ఎస్ఎస్‌డీ వేయించుకుని లాప్‌టాప్ తెచ్చుకునేటప్పుడు ఊడదీసిన పాత హార్డ్ డిస్క్ అడిగి తెచ్చుకోండి. "అది పోయింది సార్, ఎందుకు" అన్నా సరే తెచ్చుకోండి, అందులో ఆధార్, పాన్ స్కాన్ల దగ్గర్నుంచి క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల దాకా అన్నీ ఉంటాయి. బాగున్న డిస్క్ అయితే ఒక యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే బ్యాకప్‌కి పనికొస్తది, నిజంగానే పోయిందైతే పైన మూత విప్పి లోపలి పళ్ళేలు పగలగొట్టి పడేయండి.